వయొలిన్ ఎక్కడికి పోయింది?

మొన్న ఆదివారం పొద్దున్నే మా వీధిలో హారన్ మోగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఎవరా అని బయటికొచ్చి చూద్దును కదా, మా మేనల్లుడు! కొత్త కారు. అద్దం మీద పసుపూ కుంకుమా, చక్రాలకి నలిగిన నిమ్మకాయ తొక్కలూ. వాడి మొహం వంద రోజులు ఆడిన సినిమా హీరో మొహంలా వెలిగిపోతోంది.

"మావయ్యా, ఎక్కు. తాతయ్యని కూడా తీసుకురా. పాటలు పెడతాను" అన్నాడు.

తాతయ్యంటే వాడికి తాతయ్య, నాకు బాబాయి. ఎనభై దాటాయి. ఆయన పేరు మీరు ఎక్కడా చదివి ఉండరు. కాని ఆయన చేతి పని మాత్రం వినే ఉంటారు. 1960ల చివర్నించి ఇరవై ఏళ్ళ పాటు మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో వయొలిన్ వాయించాడాయన. వెనక వరస కుర్చీ. ఆ రోజుల్లో వాద్యబృందమంతా ఒకే హాల్లో కూర్చుని గాయకుడితో పాటే వాయించేవారు. పాట చివర్లో ఒక్కడు తప్పినా సరే, అందరూ మళ్ళీ మొదట్నించి ఎత్తుకోవలసిందే. రికార్డు కవరు మీద సంగీత దర్శకుడి పేరుంటుంది, గాయకుల పేర్లుంటాయి. వెనక వరస వయొలిన్ల పేర్లుండవు. వాళ్ళకి మిగిలింది ఆ ధ్వని ఒక్కటే.

అందులో ఒక పాటని మావాడు తాతయ్య కోసం వెతికి పెట్టాడు. సినిమా పేరు రాస్తానంటే బాబాయి ఒప్పుకోలేదు. "ముప్పైమందిమి వాయించాంరా. నా ఒక్కడి గురించీ రాస్తే మిగతా వాళ్ళకి అన్యాయం" అన్నాడు. అంచేత పేరు అడక్కండి.

పాట మొదలైంది. డబ్ డబ్ డబ్! సీటు అదిరింది. తలుపు గడగడలాడింది. రెండో చరణానికి ముందు వయొలిన్ల బిట్టు రావాలి. బాబాయి ముందుకి వంగి కూర్చున్నాడు. బిట్టు వచ్చింది, వెళ్ళింది. ఆయన నెమ్మదిగా వెనక్కి వాలాడు.

"ఎలా ఉంది తాతయ్యా?"

"కారు చాలా బావుందిరా. నేనే లేను ఇందులో."

మావాడి మొహం వాడిపోయింది. ఆ రాత్రే ఫోన్ చేశాడు. "మావయ్యా, ఆటోనగర్‌లో అడిగాను. డిక్కీలో పెద్ద సబ్‌ఊఫర్, దానికో ఆంప్లిఫయర్. ముప్పై అయిదు వేలట. పెట్టించేస్తాను" అన్నాడు.

"ఆగరా అబ్బాయ్" అన్నాను. ఆగమనడానికి నాకు అర్హత ఉంది లెండి. కుర్రతనంలో నేనూ ఇలాగే చేతులు కాల్చుకున్నవాణ్ణే.

మీకు తెలుసునో లేదో, కారులో పాట అన్నది నిన్నా మొన్నా పుట్టిన సరదా కాదు. అమెరికాలో గాల్విన్ అన్నదమ్ముల కంపెనీ 1930లోనే కారు రేడియో అమ్మింది. దానికి పెట్టిన పేరే మోటరోలా. ఫిలిప్స్ వారి కాసెట్ 1963లో వచ్చింది. మన దగ్గర అంబాసిడర్, ఫియట్ కార్ల రోజుల్లో స్టీరియో కావాలంటే బయట షాపులో పెట్టించుకోవలసిందే. మా నాన్నగారి ఫియట్ వెనక పలక మీద నేనూ రెండు పెద్ద డబ్బా స్పీకర్లు పెట్టించాను. వీధి చివరనుంచే వినపడేవి. కాని పాటలో సాహిత్యం ఏవిటో లోపల కూర్చున్నవాడికి అర్థమయ్యేది కాదు!

ఇప్పుడు కంపెనీ వాళ్ళే స్టీరియో పెట్టి ఇస్తున్నారు. దాన్ని బాగుచేయాలంటే కొత్తది తగిలించడం ఆఖరి మాట. పాటకి అడ్డం నిలబడ్డవాటిని ఒక్కొక్కటే తప్పించడం మొదటి మాట. ఆ వారమంతా నేనూ మావాడూ చేసింది అదే. మీక్కూడా పనికొస్తుందని వరసగా చెబుతున్నాను.

ముందు పాటనే అనుమానించాను. "ఇది ఎక్కణ్ణించి తెచ్చావురా?" అంటే, ఎవడో స్నేహితుడు ఫోన్‌లో పంపాడట. పేరు చూస్తే చివర 'బాస్ బూస్టెడ్' అని ఉంది. అంటే మద్రాసులో ముప్పైమంది వాయించినదాని మీద ఎవడో కుర్రాడు ఇంట్లో కూర్చుని తన డప్పు తాను కొట్టాడన్నమాట. పైగా ఫైలు నలిగి నలిగి చిక్కిపోయింది. మూలంలో లేని వయొలిన్‌ని లక్ష రూపాయల స్పీకరు కూడా తెచ్చి ఇవ్వలేదు. రికార్డు కంపెనీ విడుదల చేసిన పాటనే పూర్తి నాణ్యతతో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో వేశాం. మీరు పాటల యాప్‌లో వింటుంటే సెట్టింగుల్లోకి వెళ్ళి చూడండి. డేటా ఆదా కోసం నాణ్యత తగ్గించి ఉంటుంది, దాన్ని పైకి మార్చండి. ఖర్చు సున్నా.

తరవాత స్టీరియో తెర మీద ఈక్వలైజర్ తెరిచాను. బాస్ చివరిదాకా పైకి, ట్రెబుల్ చివరిదాకా పైకి, మధ్యది పాతాళానికి. ఈ గీత చూస్తే నవ్వు మొహంలా ఉంటుంది, వింటే ఏడుపొస్తుంది! ఎందుకో చెబుతాను. మన చెవి సుమారు 20 హెర్ట్‌జ్ నుంచి 20,000 హెర్ట్‌జ్ దాకా వింటుంది. వయసు పెరిగేకొద్దీ పై చివర తరుగుతూ వస్తుంది. అయితే వయొలిన్‌లో అన్నిటికన్నా కిందిదైన తీగ పలికేది 196 హెర్ట్‌జ్. గాయకుడి మాటలోని స్పష్టత చాలా మటుకు 1,000 నుంచి 4,000 హెర్ట్‌జ్ మధ్యన ఉంటుంది. అంటే పాట కాపురం ఉండేది మధ్యలో. ఆ మధ్యనే మావాడు తొక్కిపెట్టేశాడు. సినిమాకి విలన్ ఉండాలి, కాదనను. కాని హీరోయిన్ పాట పాడుతున్నంతసేపూ తెరకి అడ్డంగా నిలబడితే ఎవరు చూస్తారు?

అన్నీ సున్నాకి తెచ్చాం. సరౌండ్, లౌడ్‌నెస్ లాంటి అలంకారాలన్నీ ఆపేశాం. బాగానే ఉంది. కాని ఇప్పుడు బాస్ బొత్తిగా పల్చబడింది.

"చూశావా మావయ్యా, అందుకే నేను పెంచుకున్నాను" అన్నాడు వాడు.

ఇక్కడే కథలో మలుపు వచ్చింది. ధ్వనిని ముందుకీ వెనక్కీ జరిపే ఫేడర్ ఉంటుంది కదా, దాన్ని పూర్తిగా ముందుకి తోశాను. వెనక స్పీకర్లు ఆగిపోయాయి. స్పీకర్లు తగ్గితే బాస్ ఇంకా తగ్గాలి. తగ్గలేదు సుమండీ, పెరిగింది!

విషయం ఏవిటంటే, ముందు తలుపుల్లోవి ఫ్యాక్టరీలో పెట్టిన స్పీకర్లు. వెనకవి మాత్రం కారు అమ్మినవాళ్ళు 'ఉచిత కానుక'గా తరవాత తగిలించినవి. తగిలించిన కుర్రాడు ప్లస్సూ మైనస్సూ తిరగేసి కలిపాడు. ముందు స్పీకరు గాలిని తోస్తుంటే అదే క్షణంలో వెనకది లాగుతోంది. ఊయలని ఒకరు ఊపుతుంటే ఇంకొకరు ఆపుతున్నట్టన్నమాట. చేజేతులా చంపుకున్న బాస్‌ని మావాడు బటన్ తిప్పి పూడ్చబోయాడు, ఆ వరదలో వయొలిన్లు కొట్టుకుపోయాయి.

దీన్ని పట్టుకోవడానికి ఓ చిన్న ఉపాయం ఉంది. స్పీకరు తీగల్ని స్టీరియో నుంచి విడదీసి, ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ బ్యాటరీని ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ ఒక్క క్షణం ఆనించండి. స్పీకరు కాగితం బయటికి కదిలితే సరిగా ఉన్నట్టు, లోపలికి కదిలితే తిరగబడ్డట్టు. బ్యాటరీ కూడా వద్దనుకుంటే, పాత మోనో పాట ఒకటి పెట్టి కారు మధ్యకి వంగి వినండి. ఘంటసాల గారు సరిగ్గా డాష్‌బోర్డు నడుమన నిలబడి పాడుతున్నట్టుండాలి. గొంతు అటూ ఇటూ చెదిరిపోయి, నీరసంగా వస్తుంటే ముందు స్పీకర్లలో ఏదో ఒకటి తిరగబడి ఉండొచ్చు.

తీగలు సరిచేశాం. ఇంతవరకూ పైసా ఖర్చు లేదు. ఇహ తలుపు గడగడ మిగిలింది.

తలుపు మీద వేలితో కొట్టి చూడండి. ఖాళీ బిస్కెట్ డబ్బా మీద కొట్టినట్టుంటుంది. స్పీకరుకి పెట్టె ఆ డబ్బానే మరి! స్పీకరు ముందు నుంచి ఎంత ధ్వని వస్తుందో వెనక నుంచీ అంతే వస్తుంది. లోపలి రేకుకున్న కన్నాల్లోంచి ఆ వెనక ధ్వని ఇవతలికొచ్చి ముందుదాన్ని మింగేస్తుంది. అందుకే బ్యూటైల్ షీట్లని అమ్ముతారు, ఒకవైపు అల్యూమినియం రేకూ రెండోవైపు జిగురూ ఉంటాయి. వాటిని తలుపు రేకుకి అంటించి, పెద్ద కన్నాలు మూసి, స్పీకరు చుట్టూ ఫోమ్ పట్టీ వేయిస్తే, అదే స్పీకరు కొత్తదానిలా పలుకుతుంది. రెండు ముందు తలుపులకీ మాకు నాలుగు వేల లోపే అయింది. ఒక్క జాగ్రత్త. తలుపు అడుగున వాన నీరు పోయే కన్నాలుంటాయి, వాటిని మూయకూడదు. అద్దం దిగే దారికి అడ్డం రాకూడదు. కొన్ని కార్లలో తలుపు లోపల ఎయిర్‌బ్యాగ్ సెన్సరుంటుంది, అది ఉంటే తెలిసిన మెకానిక్‌ని అడగకుండా చెయ్యి పెట్టొద్దు.

ఇంకా డబ్బుంటే ముందు స్పీకర్లు మార్చండి. మీరు కూర్చునేది ముందు సీట్లో, కాబట్టి వెనకవి తరవాత చూసుకోవచ్చు. కొనేటప్పుడు డబ్బా మీద వందల వాట్లు చూసి మోసపోకండి. మామూలుగా కారుతో వచ్చే స్టీరియో ఒక్కో స్పీకరుకి నికరంగా ఇచ్చేది పదిహేను, ఇరవై వాట్లే. '50 వాట్లు' అని రాసుంటే అది ఒక్క క్షణం ఎగిరిన గెంతు, రోజూ నడిచే నడక కాదు. అంచేత సెన్సిటివిటీ అనే అంకె చూడండి. 90 డెసిబెల్స్, ఆ పైన ఉంటే తక్కువ శక్తితోనే గట్టిగా పలుకుతుంది. ట్వీటర్ విడిగా ఉండే జత అయితే దాన్ని డాష్‌బోర్డు మూలన పెట్టించుకోవచ్చు, గొంతు కాళ్ళ దగ్గర్నుంచి కాకుండా ఎదురుగా వినిపిస్తుంది. తీగలు కత్తిరించనివ్వకండి, మీ కారుకి సరిపోయే కప్లర్ అడగండి. లేకపోతే రేపు వారంటీ అడిగినప్పుడు పేచీ వస్తుంది.

మరి సబ్‌ఊఫర్, ఆంప్లిఫయర్ వద్దా అంటారు. వద్దనను. ఇవన్నీ అయ్యాక కూడా చాలదనిపిస్తే పెట్టించుకోండి. చిన్న సబ్ అయితే సీటు కిందే ఇముడుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే తీగకి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ ఉండి తీరాలి. లేకపోతే కారే దీపావళి చేసుకుంటుంది. ఇంకొక లెక్క కూడా గుర్తుంచుకోండి. ధ్వని చెవికి రెట్టింపు అనిపించాలంటే శక్తి సుమారు పదింతలు కావాలి. చెవికి మాత్రం ఓ హద్దుంది. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి ఎనిమిది గంటలు దాటకూడదంటారు నిపుణులు. పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ వ్యవధి సగమవుతుంది. 94 దగ్గర ఒక్క గంటే. స్పీకరు పోతే బజార్లో దొరుకుతుంది, చెవి దొరకదు.

శనివారం సాయంత్రం మావాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి హారన్ కొట్టలేదు. బాబాయిని ముందు సీట్లో కూర్చోబెట్టి, చెట్టు కింద కారు ఆపి, ఇంజన్ కట్టేసి పాట పెట్టాడు. వాల్యూమ్ మొన్నటిలో సగం కూడా లేదు. పాత టేపు కదా, వెనకాల సన్నగా 'స్స్' అనే చప్పుడుంది. అది అలాగే ఉండనిచ్చాం.

మొదటి చరణం అయింది. బిట్టు వచ్చింది. నేను వెనక సీట్లోంచి చూస్తున్నాను. బాబాయి ఎడమ చేతి వేళ్ళు మోకాలి మీద కదలడం మొదలెట్టాయి. చూపుడు వేలు, ఉంగరపు వేలు, మళ్ళీ చూపుడు వేలు. ఒకచోట వేలు గభాలున ఆగింది.

"అదిగో! అక్కడ మా పక్కవాడు అర క్షణం ముందు ఎత్తుకున్నాడు. ఎవరూ పట్టుకోలేదు. ఇన్నేళ్ళకి దొరికాడు వెధవ" అని పడీ పడీ నవ్వాడు.

నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ పక్కవాడు పోయి చాలా ఏళ్ళయిందని ఇంటికొచ్చాక చెప్పాడు.

"ఇంకోసారి పెట్టనా తాతయ్యా?" అన్నాడు మావాడు.

"పెట్టు. వాడొచ్చే చోటు నుంచి పెట్టు."

ముప్పై అయిదు వేలు మావాడి బ్యాంకులోనే ఉన్నాయి. మీరు కూడా ఇవాళ సాయంత్రం మీ కారులోనో, మీ నాన్నగారి కారులోనో కూర్చుని ఈక్వలైజర్ సున్నాకి తెచ్చి, మీకు కంఠతా వచ్చిన పాత పాట ఒకటి పెట్టి చూడండి. ఇన్నాళ్ళూ వినపడని వాద్యం ఏది వినపడిందో నాకు ఉత్తరం రాయండి.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. ఉంటాను.