మామగారి సంతకం

ఒక సోదరి రాశారు: "మా మామగారికి పదేళ్లుగా మధుమేహం. రెండుపూటలా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నా హెచ్‌బీఏ1సీ 9కి దిగడం లేదు. ఆస్పత్రిలో కొత్త మాత్రను పరీక్షిస్తున్నారట, చేరమని కాగితం ఇచ్చారు. 'ఈయన్నేమన్నా ఎలుకననుకున్నారా!' అని అత్తగారు కంటతడి పెడుతున్నారు. ఏం చేయమంటారు?"

అమ్మా, ముందు మామగారి మాత్రల స్ట్రిప్పు తీసి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. మందు పనిచేయడం లేదనే వారిలో మందు సరిగా వేసుకోనివారూ కొందరుంటారు. (కాఫీలో పంచదార సంగతి అత్తగారికే తెలియాలి!)

ఇలాంటి పరీక్షల్లో సాధారణంగా పాత మందు మాన్పించరు. దానికి తోడుగా కొందరికి కొత్త మాత్ర, కొందరికి అచ్చు అలాగే వుండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికేది అందిందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. మోసమనుకోకండి. పరీక్షలో చేరగానే మనిషి పథ్యం చేస్తాడు, మాత్ర మరచిపోడు. ఉత్తుత్తి మాత్రతోనే చక్కెర కొంత తగ్గడం కద్దు. అది తీసేయగా మిగిలిందే కొత్త మందు సత్తా. చక్కెర హద్దు దాటితే వేరే మందు కలుపుతారు.

చక్కెర తగ్గితే చాలదా అంటారేమో. రోసిగ్లిటాజోన్ అనే మాత్ర 1999లో అమెరికాలో అనుమతి పొందింది. చక్కెరను బాగానే దించింది. 2007లో 42 పరీక్షల లెక్కలు కలిపి చూస్తే, వేసుకున్నవారిలో గుండెపోట్లు ఎక్కువగా కనిపించాయి. ఆ లెక్కపై తరవాత వాదాలు నడిచాయిగాని, మన దేశంలో 2010లో దాన్ని ఆపేశారు. కొత్త మధుమేహ మందు గుండెకు చేటు చేయదని చూపాలని 2008లోనే అమెరికా మందుల శాఖ అడిగింది. అలా చూడబోతేనే ఒక వింత బయటపడింది. గుండెజబ్బు కూడా వున్న 7,020 మందిపై జరిగిన ఎంపాగ్లిఫ్లోజిన్ పరీక్ష ఫలితం 2015లో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో నూటికి సుమారు ఆరుగురు మరణిస్తే, ఈ మాత్ర వారిలో నలుగురు లోపే! ఆ 7,020 మందీ ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టినవారే.

మీరూ ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని తెలుగులో చదవండి. తేనివ్వకపోతే అక్కడితో వదిలేయండి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య, రాత్రివేళ కళ్లు తిరిగితే ఫోను చేయవలసిన నంబరు అడగండి. పరీక్షవల్ల హాని కలిగితే వైద్యం ఉచితంగా చేయించాలని 2019 నిబంధనలున్నాయి. ఇష్టంలేకపోతే ఏ రోజైనా మానుకోవచ్చు.

అన్నట్టు, మీ ఉత్తరంలో అత్తగారి మాట వుంది, మీ మాట వుంది. సంతకం పెట్టవలసిన మామగారు ఏమన్నారో మాత్రం లేదు. ఆయన్ను అడిగారా?