నాగపూరు బాటలో నడిచేవారు



మేడ్చల్ మీదుగా ఉత్తరానికి పోయే పెద్ద రోడ్డును మన పెద్దలు నాగపూరు రోడ్డు అనే పిలుస్తారు. మునుపు అది 7వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44వ నంబరు. శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు 3,700 కిలోమీటర్లకు పైగా సాగే ఈ రహదారి మన దేశములో అన్నిటికంటె పొడవైనది. బస్సులో కూర్చున్నవారికి మేడ్చల్ నుండి తూప్రాన్ ఒక కునుకు దూరము. కాలినడకన పోయేవారికి అదే ఒక దినపు ప్రయాణము. హైదరాబాదు నుండి నాగపూరు సుమారు 500 కిలోమీటర్లు. దినమునకు 25 కిలోమీటర్లు నడిచినా 20 దినములు పడుతుంది.

అంత దూరము నడిచి వచ్చినవారిలో వినోబా భావే ఒకరు. 1951 మార్చిలో వార్ధా ప్రాంతము నుండి బయలుదేరి, హైదరాబాదు పొలిమేరలోని శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనమునకు ఆయన కాలినడకనే వచ్చారు. అక్కడి నుండి మళ్లీ నడుస్తూ ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. భూమిలేని హరిజన కుటుంబాలవారు 80 ఎకరములు కావాలని అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు ఇచ్చారు. భూదానము అలా పుట్టింది. బండిలో పోయేవానికి ఊరు కనిపిస్తుంది గాని ఊరివారి గోడు వినిపించదు.

వినోబా తన ఇష్టముతో నడిచారు. 2020లో మన కండ్ల ఎదుట నడిచినవారు గతిలేక నడిచారు. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలయింది. అంతకు ముందే రైళ్లు నిలిచాయి. మన రాష్ట్ర ప్రభుత్వము వలస కూలీలకు తలా 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ప్రకటించింది. అయినా పనిలేక, అద్దె గదిలో ఎన్నాళ్లు ఉండగలరు? మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్, బీహార్‌లకు పోవలసినవారు ఎండలో మేడ్చల్ దాటి నడిచారు. రంగు డబ్బాలో బట్టలు సర్దుకొని భుజాన పెట్టుకున్న మేస్త్రీని, తెగిన చెప్పులను గుడ్డపేలికతో కాళ్లకు కట్టుకున్న యువకుని, చంటిబిడ్డ తలపై తడిగుడ్డ కప్పిన తల్లిని మేము చూచాము. "కొద్ది రోజులు ఆగరాదా?" అని ఒకరిని అడిగాము. "ఇక్కడ కూర్చుంటే మా ఊరు దగ్గరకు రాదు గదా" అన్నాడు. మే 1న లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో మొదటి ప్రత్యేక రైలు బయలుదేరింది. అప్పటికే ఎందరో దారిలో ఉన్నారు.

రోగ భయము అందరికీ ఉన్నది. అయినా అన్నము పొట్లాలు, మజ్జిగ, చెప్పులు తెచ్చి పంచినవారున్నారు. ఒక ముసలమ్మ కుండెడు నీళ్లు గట్టు మీద పెట్టి, తాను దూరముగా జరిగి, "జర కూసోండ్రి బిడ్డా, నీళ్లు తాగి పోండ్రి" అన్నది. వారికి తెలుగు రాదు. అయినా ఆమె చేయి చూపగానే అర్థమయింది.

ఆ దినములు గడిచాయి గాని నడిచేవారు లేకుండా పోలేదు. శామీర్‌పేట వైపు, కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి దగ్గర, గొంగడి భుజాన వేసుకొని మంద తోలుకొని వచ్చే గొర్ల కాపరులు ఎదురవుతారు. కోత అయిన పొలములో రాత్రికి మంద నిలిపితే రైతుకు ఎరువు, గొర్లకు మేత. అయితే మంద రోడ్డు దాటేసరికి కాపరి ప్రాణము గుప్పిట్లో ఉంటుంది. మేడ్చల్, శామీర్‌పేటల మీదుగా పోయే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద పాదచారులకు, ద్విచక్ర వాహనములకు ప్రవేశమే లేదు. ఆ వేగములో అది న్యాయమే. కాని రోడ్లు వెడల్పయినకొద్దీ దారి ప్రక్క చెట్టు నీడ, కూర్చునే అరుగు తరిగిపోయాయి.

కాబట్టి రోడ్డు ప్రక్క ఇండ్లు గల కుటుంబములవారికి మా మనవి. ఎండాకాలములో వాకిట ఒక కుండ, గ్లాసు పెట్టండి. ప్రతిదినము కుండ కడిగి నీళ్లు మార్చండి. ఒక వేపమొక్క నాటి, దాని మొదట ఒక బండ వేయండి. మీరే రాత్రివేళ నడువవలసి వస్తే, ఎదురు వచ్చే బండ్లు కనిపించునట్లు కుడి ప్రక్కన, తెల్లని బట్ట వేసుకొని నడవండి. దారిన పోయేవాడు ఎవడని అడుగక మునుపే నీళ్లు ఇవ్వండి. పేరు, ఊరు అతడే చెబుతాడు.