వెచ్చదనం దూరమిచ్చిన వరం కాదు

సూర్యుడికి మరీ దగ్గరగానూ మరీ దూరంగానూ కాక సరైన చోట ఉండటం వల్లనే భూమి ప్రాణులకు తగినంత వెచ్చగా ఉన్నదన్న మాట పాఠాలలోనూ ప్రసంగాలలోనూ ఎంతగా పాతుకుపోయిందంటే, దానిని పరీక్షించి చూడాలన్న ఆలోచనే చాలామందికి తోచదు. ఈ వాదాన్ని ఖండించడానికి చంద్రుడొక్కడు చాలు. సూర్యుడి నుంచి అతని సగటు దూరం భూమికున్నంతే. పైగా భూమి తనపై పడిన ఎండలో సుమారు 30 శాతాన్ని వెనక్కి పంపివేస్తుండగా, నల్లని నేల గల చంద్రుడు 12 శాతమే పంపుతాడు కనుక, చదరపు మీటరుకు అతడు తీసుకునే సౌరశక్తే ఎక్కువ. అయినా మధ్యరేఖ వద్ద పగలు 120 డిగ్రీల సెల్సియస్‌కు కాగే ఆ నేల రాత్రి మైనస్ 130కి పడిపోతుంది. రేయింబవళ్ల సగటు తీసినా నీరు గడ్డకట్టే స్థాయికి దిగువనే ఉంటుంది.

శుక్రుడు దగ్గరగా ఉన్నందుకే మండిపోతున్నాడన్న సమర్థన మరీ బలహీనమైనది. దట్టమైన మేఘాలు ఎండలో నాలుగింట మూడు వంతులు తిప్పికొట్టడం వల్ల ఆ గ్రహం లోనికి తీసుకునే సౌరశక్తి భూమి తీసుకునేదానికన్నా తక్కువ; కాని నేలమీద వేడి 460 డిగ్రీలు, సూర్యుడికి ఇంకా చేరువైన బుధుడి పగటి వేడికన్నా అధికం. భూమి గాలికి 90 రెట్లు ఒత్తిడి గల కార్బన్ డయాక్సైడ్ వాతావరణమే అందుకు కారణం.

ఎండకు కాగిన నేల ఆ శక్తిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా పైకి వదులుతుంది. గాలిలో 99 శాతమైన నత్రజని, ఆమ్లజని ఆ కిరణాలను దాదాపు అడ్డుకోవు; నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వాటిని పీల్చుకొని కొంత తిరిగి కిందికి పంపుతాయి. హరితగృహ ప్రభావమంటే ఇదే. వాయువుల మధ్య ఉన్న ఈ తేడాను జాన్ టిండాల్ 1859లో లండన్‌లో మొదలుపెట్టిన ప్రయోగాలతో నిరూపించాడు. ఈ ప్రభావమే లేకపోతే, నేడు తిప్పిపంపుతున్నంత ఎండనే అప్పుడూ తిప్పిపంపుతుందనుకున్నా, భూమి సగటు వేడిమి 15 డిగ్రీలకు బదులు మైనస్ 18 వద్ద ఉండేది. ఇందులో నీటి ఆవిరి వాటాయే పెద్దది. అయితే గాలి చల్లబడితే ఆవిరి వానై, మంచై రాలిపోతుంది కనుక, అలా రాలిపోని కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే అయినా ఆవిరిని గాలిలో నిలిపేది అదే.

దూరానికి విలువ లేదని ఎవరూ అనరు. అందే ఎండ ఎంతో అదే నిర్ణయిస్తుంది. కాని సుమారు 400 కోట్ల ఏళ్ల కిందట సూర్యుడి వెలుగు నేటికన్నా నాలుగో వంతుకు పైగా తక్కువ. నేటి గాలే అప్పుడూ ఉంటే సముద్రాలు గడ్డకట్టవలసింది. గ్రీన్లాండ్‌లోని ఇసువా శిలలు మాత్రం 370 కోట్ల ఏళ్ల నాడే నీటి అడుగున మట్టి పేరుకున్నదని సాక్ష్యమిస్తున్నాయి. 1972లో కార్ల్ సాగన్, జార్జ్ మల్లెన్ ఈ చిక్కును ఎత్తిచూపి, ఆనాటి గాలిలోని హరితగృహ వాయువులలోనే సమాధానం వెతికారు. దూరం మారకుండానే ఎండ అంత తగ్గినా నీరు నీరుగానే ఎలా నిలిచిందో దూరవాదం ఎన్నటికీ చెప్పలేదు.