1977లో మనం ఎటు వేశాం?



మదీనత్ ఖలీఫాలోని మా ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు ఏడెనిమిది మంది పిల్లలు కూడుతున్నారు. అందరూ తొమ్మిది నుంచి పన్నెండో తరగతి లోపు వాళ్లే. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. చదువు భారం తగ్గించే పేరుతో పదో తరగతి పుస్తకంలోంచి ప్రజాస్వామ్యం ఎదుర్కొనే సవాళ్ల పాఠం, ప్రజా ఉద్యమాల పాఠం తీసేసింది. ఇక్కడి సి.బి.ఎస్.ఇ. బడుల్లోనూ ఆ పుస్తకమే. బడిలో పోయింది ఇంట్లోనైనా చెప్పుకుందామని మొదలుపెట్టాం. 2029 ఎన్నికల నాటికి వీళ్లలో చాలామందికి ఓటు వయసు వస్తుంది.

మొదట్లో నేనొక పొరపాటు చేశాను. ఎమర్జెన్సీని పురాణంలా చెప్పాను. 1975 జూన్ 25న విధించారు, నాయకులను జైళ్లలో పెట్టారు, పత్రికలకు సెన్సార్ వేశారు. 21 నెలల తర్వాత ప్రజలు బుద్ధి చెప్పారు. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాల్లో, బీహార్‌లో 54 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. పిల్లలు శ్రద్ధగానే విన్నారు. ఒకమ్మాయి మాత్రం "మరి మనవాళ్లు, అంకుల్?" అంది.

మనవాళ్లు! ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 కాంగ్రెస్‌కే ఇచ్చాం. మిగిలిన ఒక్క నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గెలిచారు. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులను పోలీసులు కాల్చి చంపింది కూడా ఈ రాష్ట్రంలోనే. వాళ్లు మా ఇంట్లో కూర్చున్న పిల్లలకంటే కొద్ది ఏళ్లే పెద్ద.

ఎందుకు అలా వేశాం? ఉత్తరాదిలో బలవంతపు ఆపరేషన్లు ఇంటింటా భయం పుట్టించాయి. మన దగ్గర అంత తీవ్రత లేదు. పత్రికల్లో రానిది చాలామందికి తెలియనే తెలియదు. రైళ్లు టైముకు వచ్చేవని, ఆఫీసుల్లో గుమాస్తాలు సీట్లలో ఉండేవారని మెచ్చుకున్న పెద్దలు మా ఇంట్లోనే ఉన్నారు. పిల్లలకు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఈ మెచ్చుకోలు గురించే. నియంతను బొమ్మలో చూపిస్తే ఎవరైనా గుర్తుపడతారు.

ఇదంతా ఎందుకండీ, 1984 చెప్పండి చాలు అని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. తప్పకుండా చెబుతాను, గర్వంగానే. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని తీసేస్తే జనం రోడ్లమీదికి వచ్చారు. సెప్టెంబరు 16న ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అయితే 84 ఒక్కటే చెబితే ప్రజాస్వామ్యం మనకు తాతలిచ్చిన మాన్యంలా కనబడుతుంది. 77లో ఊరుకున్నదీ, 84లో లేచిందీ చాలావరకు ఒకే జనం. ఆ ఏడేళ్లలో వాళ్లకు ఏం తెలిసింది? పిల్లలు అది వెతకాలి.

అందుకే పోయినవారం ఒక పని అప్పజెప్పాను. ఊళ్లో ఉన్న తాతయ్యకో, అమ్మమ్మకో ఫోన్ చేసి, 77లో ఎవరికి వేశారో, ఎందుకు వేశారో అడిగి రాసుకు రమ్మన్నాను. కరీంనగర్ పిల్లవాడు ఒకడు రెండే వాక్యాలు తెచ్చాడు. "పటేల్ ఎటేయమంటె అటేసినం బిడ్డా. ఇన్నేండ్లకు అడిగినోనివి నువ్వే."