పోస్టు నాదైతే, తీసేసే హక్కూ నాదే



గోపన్‌పల్లి తండా దగ్గర ఒక రూములో ముగ్గురం ఉంటున్నాం. ఒకడు ఏటూరునాగారం వైపు, ఒకడు ఉట్నూరు వైపు, నేను జైనూరు వైపు. డాబా ఎక్కితే ఒక పక్క కొత్త విల్లాలు, ఇంకో పక్క యూనివర్సిటీ చెట్లు కనిపిస్తాయి. డిగ్రీ సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని ఈ ఐటీ కారిడార్‌లో ఉద్యోగం వెతుక్కునే ఆదివాసీ పిల్లలు ఇప్పుడు ఇట్లాంటి రూముల్లో చాలామందే ఉన్నారు. ఇది చదువుతున్న నువ్వూ వాళ్లలో ఒకడివి కావచ్చు.

మా రూమ్మేట్‌కు ఒక కంపెనీలో రెండు రౌండ్లు అయిపోయినయి. మూడోసారి పిలిచినప్పుడు అతని ముందు ఒక ఫొటో పెట్టారు. పదహారేళ్లప్పుడు ఊళ్లో పండుగనాడు విల్లు, గొడ్డలి పట్టుకుని దిగిన ఫొటో. కింద సినిమా డైలాగులాగా, "వస్తున్నాం, కాసుకోండి" అని రాసుకున్నడు. "మీకు ఎవరితోనైనా సంబంధాలు ఉన్నాయా?" అని అడిగారట. ఎవరితో అన్నది వాళ్లు చెప్పలేదు, మనకు అర్థమైంది. ఆ తర్వాత ఆ కంపెనీ నుంచి ఫోన్ రాలేదు.

ఆ పోస్టు మావాడు డిగ్రీ మొదటి సంవత్సరంలోనే తీసేసిండు. కానీ అప్పటికే ఎవరో దాన్ని ఇంకో పేజీలో పెట్టుకున్నారు. "అన్నా, నేను తీసేసిన. ఇంకేం చెయ్యాలె?" అని ఆ రాత్రి అడిగిండు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ రాస్తున్నదే ఇది.

ముందు ఒక మాట. పదహారేళ్ల పట్నం పిల్లగాడు బొమ్మ తుపాకీతో ఫొటో దిగితే దాన్ని అల్లరి అంటారు. మన పిల్లగాడు తాతల నాటి విల్లు పట్టుకుంటే అనుమానం అంటారు. చిన్నప్పటి పోస్టు అందరి వెంటా వస్తుంది, మన వెంట మాత్రం కేసు ఫైలు లాగా వస్తుంది. జార్ఖండ్‌లో ఒక ఆదివాసీ అధ్యాపకుడు తన జాతి తిండి అలవాట్ల గురించి 2017లో ఫేస్‌బుక్‌లో రాస్తే, 2019లో అరెస్టు చేశారు. రాసిన రెండేళ్లకు! మనం మరిచిపోయినా మన పోస్టు మనల్ని మరిచిపోదు.

మరి చట్టం ఏమంటోంది?

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చింది. అందులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ విడిగా రాసిన భాగంలో పిల్లల సంగతి ఉంది. తెలిసీ తెలియని వయసులో చేసిన పొరపాట్ల ఫలితాన్ని పిల్లలు జీవితాంతం మోయకూడదన్నది ఆయన మాట సారాంశం. మంచి మాట. ఆరేళ్లకు, 2023లో, డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని 12వ సెక్షన్‌లో మన సమాచారాన్ని చెరిపేయమని అడిగే హక్కు ఉంది. 2025 నవంబర్‌లో రూల్స్ కూడా వచ్చాయి. అయితే ఈ హక్కులాంటి ముఖ్యమైన భాగాలు అమలయ్యేది ఆ రూల్స్ వచ్చిన పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027లో.

సంబరపడకు తమ్ముడూ, అసలు సంగతి 3వ సెక్షన్‌లో ఉంది. ఒక మనిషి తన సమాచారాన్ని తానే బహిరంగంగా పెట్టుకుంటే ఆ సమాచారానికి ఈ చట్టం వర్తించదు. సోషల్ మీడియాలో తన అభిప్రాయాలు రాసుకునే మనిషినే అక్కడ ఉదాహరణగా ఇచ్చారు. అంటే పబ్లిక్‌లో పెట్టిన పండుగ ఫొటోకు ఈ చట్టం రక్షణ ఉండదు. పెట్టినప్పుడు వయసు పదహారా, ముప్పై ఆరా అన్న తేడా అక్కడ లేదు. ఇదే చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను పిల్లలు అంటుంది, వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. సొంతంగా ఒప్పుకునే తెలివి లేదన్న వయసులో పెట్టిన పోస్టుకు మాత్రం జీవితాంతం బాధ్యత మోయమంటుంది. ఇదేం న్యాయం?

ఇంకో చట్టం చూడు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో కొత్త ప్రారంభం అనే సూత్రం ఉంది. నేరం చేసిన పిల్లల పాత రికార్డులను కూడా, ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప, చెరిపేయాలి. నేరం చేసిన పిల్లగాడికి కొత్త బతుకు ఇవ్వాలని ఒప్పుకున్న దేశం, ఫొటో పెట్టిన పిల్లగాడికి ఎందుకు ఇవ్వదు?

వేరే చోట్ల దారులు వెతికారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2015 నుంచి మైనర్లకు తాము పెట్టిన పోస్టు తీసేయించుకునే హక్కు ఇచ్చింది. వేరేవాళ్లు మళ్లీ పెట్టిన కాపీకి మాత్రం అది వర్తించదు. మావాడు ఇరుక్కున్నది సరిగ్గా అక్కడే. 2018లో అమల్లోకి వచ్చిన యూరప్ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. సమాచారాన్ని బయటపెట్టిన సంస్థ, దాన్ని వాడుకుంటున్న ఇతర సంస్థలకు కూడా తీసేయమన్నారని తెలియజేయడానికి తగిన ప్రయత్నం చెయ్యాలి. చిన్నప్పుడు ఇచ్చిన సమాచారానికి అందులో ప్రత్యేక స్థానం ఉంది. మనకు కావాల్సింది ఆ దారి.

ఇక్కడ కొందరు మిత్రులు అడుగుతారు: "తీసేసే హక్కు అంటే సాక్ష్యం మాయం చేసే హక్కు కాదా? మనల్ని తిట్టినవాడు కూడా పోస్టు తీసేసి తప్పించుకుంటడు కదా?"

సరైన ప్రశ్నే. మనల్ని కులం పేరుతో, తెగ పేరుతో తిట్టే వీడియోలు రోజూ చూస్తున్నాం. 2022లో కేరళ హైకోర్టు ఒక ఎస్టీ మహిళ కేసులో, ఆన్‌లైన్‌లో తిట్టినా అట్రాసిటీ చట్టం వర్తిస్తుందని, బాధితురాలు ఆ వీడియో చూసిన ప్రతిసారీ ఆమె ఎదుట తిట్టినట్టేనని చెప్పింది. తీసేసినంత మాత్రాన నేరం పోదు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం తొలగించిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు కంపెనీలు దాచి ఉంచాలి. కాబట్టి నీ మీద ఎవడైనా నోరు పారేసుకుంటే ముందు స్క్రీన్‌షాట్, లింకు, తేదీ దాచిపెట్టుకో, తర్వాత ఫిర్యాదు చెయ్యి. ఒక మనిషి మీద వేసిన దెబ్బ వేరు, మన గురించి మనం రాసుకున్నది వేరు. నేను అడిగే హక్కు రెండోదాని గురించే.

ఇంకో ప్రమాదం ఉంది. అది మా డాబా మీద నుంచి కనిపించే చెట్ల దగ్గరే చూసినం. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చినప్పుడు విద్యార్థులు ఫోన్లతోనే దేశానికి చూపించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. ఆ తర్వాత, ఏఐతో చేసిన ఫొటోలు పంచుకున్నారంటూ కేసులు, నోటీసులు మొదలైనయి. తప్పుడు ఫొటో పెడితే సరిదిద్దుకోవాలి, నిజమే. కానీ ఆ భయంతో నిజం ఫొటోలు కూడా తీసేసుకునే పరిస్థితి రావద్దు. నా పోస్టు నేను తీసేస్తే అది హక్కు. భయపెట్టి తీసేయిస్తే అది నోరు నొక్కడం.

చెరిపివేత అంటే ఏందో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగిన తర్వాత, ఏళ్ల తరబడి ఆ రోజున స్తూపం దగ్గరికి మనవాళ్లను పోనివ్వలేదు. అందుకే మన జాతి జ్ఞాపకాన్ని చెరిపే అధికారం ఎవరికీ ఇవ్వం. ఒక పిల్లగాడి చిన్నప్పటి ఫొటోను మాత్రం వాడు అడిగితే చెరిపేయాలి. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే మనమే తప్పు చేస్తాం.

చేస్తున్నాం కూడా. మన సభల్లో, ర్యాలీల్లో హాస్టల్ పిల్లల ముఖాలు పేర్లతో సహా పెడుతున్నాం. లైకులు వస్తాయి, వాళ్లకు రేపు ఏమొస్తుందో ఆలోచించం. ఒక చెల్లె పోయిన ఏడాది నాకు మెసేజ్ పెట్టింది: "అన్నా, ఆ ర్యాలీ ఫొటో తీసెయ్యవా? మా ఇంట్లో కాలేజీ మాన్పిస్తమంటున్నరు." నేను రెండు రోజులు జాగు చేసిన. ఉద్యమం ఫొటో కదా అని. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నా, అది తప్పే. ఆ ఫొటోలో ముఖం ఆమెది.

మా గూడెంలో పటేల్ ముందు పంచాయితీ తెగి, తప్పు కట్టినంక ఆ మాట మళ్లీ ఎత్తరు. ఎత్తినవాడిదే తప్పు అంటారు పెద్దలు. సర్వర్లు నడిపే కంపెనీలకు ఆ మర్యాద తెలియదు. చట్టమే నేర్పాలి.

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలి. పద్దెనిమిదేళ్ల లోపు పెట్టిన పోస్టులకు 3వ సెక్షన్ మినహాయింపు ఉండొద్దు. తీసేయమంటే కాపీలు కూడా తీసేయాలి. ఆ వయసు పోస్టులు చూపించి ఉద్యోగం ఆపొద్దు. లిఖిత ఉత్తర్వు లేకుండా, ఫోన్ చేసి బెదిరించి పోస్టులు తీయించొద్దు. ఇవి అడిగే ముందు మన పేజీల్లో మనం మొదలుపెడదాం: మైనర్ల ముఖాలు అడగకుండా పెట్టొద్దు, ఎవరు తీసేయమన్నా అదే రోజు తీసేద్దాం, కారణం అడగొద్దు.

మా రూమ్మేట్ నిన్న ఇంకో ఇంటర్వ్యూకి పోయిండు. పోయే ముందు అడిగిండు, ఆ ఫొటో మళ్లీ చూపిస్తే ఏం చెప్పాలని. "అది మా పండుగ, అది మా తాత విల్లు అని చెప్పు" అన్న. విల్లు గురించి మనం సిగ్గుపడేది లేదు. దాన్ని ఎప్పుడు చూపించాలో, ఎప్పుడు లోపల పెట్టుకోవాలో చెప్పేది మాత్రం వాడే కావాలి.

జోహార్.