తూచ్ చెప్పలేని ఆట

ఆఫీసుల్లో మెచ్చుకోలు కూడా ఆటైపోయింది. పాయింట్లు, బ్యాడ్జీలు, లీడర్‌బోర్డులు. మా రంగంలో దీన్ని గేమిఫికేషన్ అంటారు. నా అభ్యంతరం ఒక్కటే, ఇది ఆట కాదు.

ఆటంటే ఇష్టమై చేరాలి, విసుగొస్తే తూచ్ అనేసి ఇంటికి పోగలగాలి. కాలిఫోర్నియాలో, అనహైమ్‌లోని డిస్నీ హోటళ్ళ లాండ్రీలో పనివాళ్ళ పేర్లు, వాళ్ళ వేగం తెర మీద చూపించేవారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'ఎలక్ట్రానిక్ కొరడా'. వెనకబడతామేమోనని కొందరు బాత్రూమ్‌కి వెళ్ళడం కూడా మానుకున్నారని 2011లో పత్రికల్లో వచ్చింది. అలాంటి ఆటలో తూచ్ ఎవరికి చెప్పాలి?

సాఫ్ట్‌వేర్‌లో కొరడా కాస్త మెత్తన. టికెట్ మూస్తే పాయింటు. మరి కొత్తవాళ్ళ పక్కన రెండు గంటలు కూర్చుని నేర్పినవాడికి? బగ్గు పుట్టకముందే పసిగట్టిన ఆవిడకి? సున్నా. టీమ్ నిలబడేది వాళ్ళ మీదే, కానీ ఈ లెక్కలో వాళ్ళు ఆటలో అరటిపండ్లు.

మెచ్చుకోవాలంటే ముందు పని చూడాలి. చూసే ఓపిక లేని మేనేజరుకి డ్యాష్‌బోర్డు దొరికింది, అంతే. నా కోడ్ చదివి "ఈ ముక్క బాగా రాశావయ్యా" అనండి, చాలు. చదివే తీరిక లేదా, జీతమైనా పెంచండి. రెండూ ఎగ్గొట్టి చేతిలో బ్యాడ్జీ పెడితే, చిన్నపిల్లలు కూడా దాన్ని తొండి అంటారు.