యుద్ధం నుంచి బయటపడ్డ పిల్లలకు జాలి ఒక్కటే చాలదు!

తెనాలి-రేపల్లె రైల్లో కూర్చున్నా, బాపట్లలో టీ కొట్టు దగ్గర ఆగినా ఫోన్‌లో గాజా పిల్లల వీడియోలే. 'అయ్యో పాపం' అని స్క్రోల్ చేసేస్తున్నాం. యునిసెఫ్ 2024 లెక్క ప్రకారం ఘర్షణ ప్రాంతాల్లో ఉన్న పిల్లలు 47.3 కోట్లకు పైనే.

మన తెలుగు పిల్లలూ ఇది పడ్డవాళ్లే. 1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాన్ బాంబులు వేసింది. తర్వాతి నెలల్లో బర్మా వదిలిన లక్షల మంది భారతీయుల్లో తెలుగు కుటుంబాలెన్నో. చాలామంది అడవుల్లో నడిచొచ్చారు. దారిలోనే పోయినవాళ్లూ ఉన్నారు. బతికొచ్చినవాళ్లకు దక్కిన పేరు 'కాందిశీకులు'.

అసలు చిక్కు అక్కడే. ప్రాణం దక్కినా ఆ ముద్ర పోకపోతే పిల్లాడు తలెత్తుకోలేడు. బడి, ఆట, తోటి స్నేహితులు దొరికితే 'నేనూ ఏదో చేయగలను' అనుకుంటాడు. ఏడుపు వీడియో షేర్ చేశాం సరే, వాళ్ల బడి మళ్లీ తెరిచారా అని కూడా అడుగుదాం.